వాన కబురు, తెగులు కబురు వేరువేరుగా ఎందుకు?

సంపాదకులు గారికి నమస్కారం.

ప్రతి ఖరీఫ్‌లోనూ మీ జిల్లా పేజీల్లో రెండు రకాల వార్తలు చూస్తుంటాను. ఒకటి, వచ్చే ఐదు రోజుల్లో వాన పడుతుందా పడదా అనేది. రెండోది, ఫలానా మండలంలో వేరుశనగకు తెగులు సోకింది, రైతులు అప్రమత్తంగా ఉండాలని శాస్త్రవేత్తలు సూచించారు అనేది. మొదటిది పెద్ద అక్షరాల్లో వస్తుంది, రెండోది లోపలెక్కడో చిన్న బాక్సులో, అదీ ఆకు రాలిపోయాక. మీ విలేకరిని తప్పు పట్టడం లేదు, ఆయన చేతికి ఆ కాగితం అందేదే అప్పుడు. నా ప్రశ్న ఏమిటంటే, అసలు ఇవి రెండు వార్తలు ఎందుకయ్యాయి? వర్షాధారంగా శెనక్కాయ వేసే మాలాంటి వాళ్లకు వాన సంగతీ తెగులు సంగతీ ఒకటే. ఈ ఏడు ఏ తెగులు వస్తుందో చాలావరకు వానే నిర్ణయిస్తుంది, వాన పడినా నిర్ణయిస్తుంది, పడకపోయినా నిర్ణయిస్తుంది. ఇది నేను కనిపెట్టిన విషయమేం కాదు, మన రాష్ట్రంలోనూ హైదరాబాద్‌లోనూ ఉన్న పరిశోధనా స్థానాలు ముప్పై ఏళ్లుగా చెబుతున్నదే. చెబుతున్నది చేను దాకా ఎందుకు రావడం లేదన్నదే ఈ ఉత్తరం.

2000 ఖరీఫ్ సంగతి నడివయసు దాటిన మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి అనంతపురం ఒకటే జిల్లా, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా కూడా అందులోదే. ఆ ఏడు సుమారు 2.25 లక్షల హెక్టార్లలో వేరుశనగ దెబ్బతింది. లేత మొక్క మొవ్వ ఎండిపోవడం, కాండం నల్లబడటం, చూస్తుండగానే చచ్చిపోవడం. నష్టం 300 కోట్ల రూపాయల పైనే అని తర్వాత లెక్క తేలింది. మొదట అందరూ మొవ్వకుళ్ళు తెగులు అనుకున్నారు, అది మనకు ముందు నుంచీ తెలిసిన తెగులు కాబట్టి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో పరీక్షించి చూస్తే అది కాదని, టొబాకో స్ట్రీక్ అనే వేరే వైరస్ అని బయటపడింది. మన భాషలో దాన్ని కాండం కుళ్ళు తెగులు అన్నారు.

ఈ వైరస్ పని చేసే తీరు తెలుసుకుంటే కడుపు మండుతుంది. దీని స్థావరం మన శెనక్కాయ కాదు, వయ్యారిభామ. రోడ్డు పక్కన, గట్ల మీద, బీళ్లలో తెల్లపూలు పూసి నవ్వే ఆ పిచ్చి మొక్కకు వైరస్ సోకినా పైకి ఏమీ కనిపించదు, ఏపుగానే ఉంటుంది. దాని పుప్పొడిలో మాత్రం వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి ఎగిరి వచ్చి గానీ, తామర పురుగుల ఒంటికి అంటుకుని గానీ వేరుశనగ ఆకు మీద పడుతుంది. తామర పురుగులు ఆకును గీకి రసం పీల్చేటప్పుడు పడే గాయాల్లోంచి వైరస్ లోపలికి పోతుంది. అంటే ఈ తెగులు రావడానికి మూడూ ఒకేసారి కలవాలి: పూతకొచ్చిన వయ్యారిభామ, తామర పురుగులు, లేత వేరుశనగ మొక్క. మూడింటినీ కలిపేది వాతావరణం. మే, జూన్‌లో ముందుగా వానలు పడ్డాయనుకోండి, బీడు నిండా వయ్యారిభామ మొలుస్తుంది. మేము విత్తనం వేసే సమయానికి అది పూతకొస్తుంది. ఆ తర్వాత బెట్ట తగిలితే తామర పురుగులకు పండగ. వానలు ముందే వచ్చాయని మేము సంతోషపడే ఏడాదే ఈ ప్రమాదం ఉందన్నమాట, ఇది ఎంతమంది రైతులకు తెలుసు చెప్పండి.

ఇంకో సంగతి కూడా ఉంది. 1997లోనే కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర పొద్దుతిరుగుడులో ఇలాంటి ఎండుడు కనిపించింది. బాగేపల్లి ఎక్కడో లేదు, కొడికొండ చెక్‌పోస్టు దాటితే వచ్చేదే. అదీ ఈ వైరస్ పనే అని తర్వాత తేలింది. పురుగుకూ పుప్పొడికీ రాష్ట్ర సరిహద్దు ఉండదు కదా, మన ఆఫీసులకు మాత్రం ఉంటుంది. పొద్దుతిరుగుడు చూసేవాళ్లు ఒక విభాగం, వేరుశనగ చూసేవాళ్లు ఒక విభాగం, వాతావరణం చూసేవాళ్లు ఇంకో శాఖ. రైతుకు మాత్రం పొద్దుతిరుగుడు, శెనక్కాయ రెండూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి.

ఆ తర్వాత శాస్త్రవేత్తలు చెప్పిన జాగ్రత్తలు చూడండి. విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పట్టించి వేయడం. చేను చుట్టూ కొన్ని సాళ్లు జొన్నో సజ్జో మొక్కజొన్నో వేసి పుప్పొడికి, పురుగులకు అడ్డం పెట్టడం. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయడం. మొక్కలు పలచబడకుండా చూసుకోవడం. వీటిలో ఒక్కటైనా తెగులు కనిపించాక చేసేది ఉందా? లేదు. వైరస్ పట్టిన మొక్కను బతికించే మందే లేదు. అయినా ఎండిన మొక్కను చేత్తో పట్టుకుని మందుల షాపుకు పోతే ఏదో ఒక శిలీంద్రం మందు, దాంతోపాటు ఒక టానిక్కు చేతిలో పెడతారు, అప్పు మీదే. షాపువాడిని తిట్టి లాభం లేదు, ఆ సమయానికి ఊళ్లో దొరికే డాక్టరు ఆయనొక్కడే. చుట్టూ జొన్న, సజ్జ సాళ్లు వేయడం మా పెద్దవాళ్లకు అలవాటే, ట్రాక్టరు గొర్రు వచ్చాక తిప్పుకోవడానికి అడ్డమని మేమే మానేశాం. మానొద్దు, దీనికి ఇంకో పని కూడా ఉంది అని సమయానికి చెప్పిన మనిషి లేడు.

అంటే ఈ తెగులుకు హెచ్చరిక జూన్‌లో రావాలి. ఏ మండలంలో మే, జూన్ వానలు మామూలు కంటే ఎక్కువ పడ్డాయో చెప్పే లెక్క ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల్లో ఉంది. ఏ గట్ల మీద వయ్యారిభామ పెరిగిందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఈ రెండూ కలిపి, ఈ మండలంలో ఈసారి కాండం కుళ్ళు భయం ఉంది, విత్తనశుద్ధి చేయకుండా వేయకండి, ఉపాధి హామీ పనుల్లో ముందు వయ్యారిభామ పీకించండి అని ఒక కాగితం పంపడానికి కొత్త పరిశోధన ఏం కావాలి? ఒక్క రైతు తన గట్టు శుభ్రం చేసుకుంటే చాలదు, పక్కనున్న పోరంబోకు, రోడ్డు పక్క జాగా ఎవరు శుభ్రం చేస్తారు? అది పంచాయతీ పని, రోడ్ల శాఖ పని. ఎవరి పనో తేలేలోపు అది పూతకొచ్చేస్తుంది.

ఇది ఎండ వైపు కథ. తడి వైపు తిక్క తెగులు ఉంది, దీన్నే ఆకుమచ్చ తెగులు అంటారు. దానికి తుప్పు తెగులు తోడైతే దిగుబడి సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు, పైగా కట్టె పాడైపోతుంది. ఇది పట్నం వాళ్లకు అర్థం కాకపోవచ్చు, మా పశువులకు ఏడాది మేత శెనక్కట్టే, ఆకు రాలిన పుల్లలను ఎద్దు కూడా ముట్టదు. ఇక్రిశాట్‌లో 1990లలోనే ఈ తెగులు మీద మంచి పని జరిగింది. ఎంత వాన పడిందన్నది కాదు, ఆకు ఎంతసేపు తడిగా ఉందన్నది ముఖ్యమని తేల్చారు. అందులోనూ ఆకు అదేపనిగా తడిసి ఉండటం కంటే, రాత్రి తడిసి పగలు ఆరి మళ్లీ రాత్రి తడిస్తేనే ఆలస్యంగా వచ్చే ఆకుమచ్చ ఎక్కువ సోకుతుందని తేలింది. ఆ తడి లెక్కను రోజూ కూడుకుంటూ పోయి, ఒక హద్దు దాటగానే మందు కొట్టమని చెప్పే పద్ధతి కూడా తయారుచేశారు. క్యాలెండర్ చూసి మూడుసార్లు కొట్టే బదులు అవసరమైనప్పుడు ఒకటో రెండో సార్లు కొడితే చాలు. మందు ఖర్చు, కూలి ఖర్చు తెలిసినవాడికి దాని విలువ ఏమిటో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా ఊరి పరిస్థితి చూడండి. సెప్టెంబరులో మోడం (మబ్బు) పట్టి ఉంటుంది, చినుకు రాలదు, తెల్లారేసరికి ఆకు మీద మంచు. వాన బులెటిన్‌లో 'వర్షం లేదు' అని ఉంటుంది. రైతు వాన లేదు కాబట్టి తెగులు రాదులే అనుకుంటాడు. చేనులో జరిగేది అందుకు పూర్తిగా ఉల్టా. వాన కబురును, తెగులు కబురును విడదీస్తే వచ్చే నష్టం ఇదే, ఒక కబురు నిజమే చెప్పి కూడా రైతును తప్పుదారి పట్టిస్తుంది.

మూడోది ఎవరి కంటికీ కనపడనిది, అఫ్లాటాక్సిన్. పంట చివరి నెలలో బెట్ట తగిలి నేల వేడెక్కితే నేలలో ఉండే బూజు కాయలోకి చేరి విషం చేస్తుంది. కోసి ఆరబెట్టేటప్పుడు వాన తగిలితే ఇంకా పెరుగుతుంది. యూరప్ దేశాలు నేరుగా తినే పల్లీలో మొత్తం అఫ్లాటాక్సిన్ 4 పీపీబీ, అంటే వంద కోట్ల పాళ్లలో నాలుగు పాళ్లు, దాటితే తీసుకోవు. ఎగుమతి పోతే ధర పోతుంది, అది సరే, ఆ కాయ మన పిల్లల చిక్కీల్లోకీ చట్నీల్లోకీ వస్తుంది కదా. దీని మీద ఇంతకంటే రాస్తే ఉత్తరం పెద్దదవుతుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రిడా) ఆధ్వర్యంలో 2011 నుంచి, మారుతున్న వాతావరణాన్ని తట్టుకునే సేద్యం కోసం నిక్రా అనే కార్యక్రమం నడుస్తోంది, వాన ఆలస్యమైతే ఏం వేయాలి, మధ్యలో బెట్ట వస్తే ఏం చేయాలి అని జిల్లాకో ప్రణాళిక పుస్తకం తయారుచేశారు. రేకులకుంట పరిశోధనా స్థానం నుంచి మంగళవారం, శుక్రవారం వ్యవసాయ వాతావరణ బులెటిన్లు వస్తాయి. కదిరి పరిశోధనా స్థానం ఇచ్చిన రకాలు లేకపోతే మేము ఇంకా 1940లో తిండివనంలో విడుదలైన టీఎంవీ 2 పట్టుకునే వేలాడుతుండేవాళ్లం. కదిరి లేపాక్షి వచ్చాక బెట్టలోనూ ఆకు పచ్చగా నిలబడటం కళ్లతో చూస్తున్నాం. రకాల విషయంలో మన శాస్త్రవేత్తలకు దండం పెట్టాల్సిందే. కానీ రకం ఒక్కటే అన్నీ చేయదు, రకం విత్తిన తర్వాత నూటపది రోజుల పాటు ఏ రోజు ఏం చేయాలో చెప్పే మనిషి కావాలి.

ఆ మనుషులను ఏం చేశామో కూడా చెప్పాలి. వాతావరణ శాఖ, భారత వ్యవసాయ పరిశోధనా మండలి (ఐకార్) కలిసి 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా స్థాయి వ్యవసాయ వాతావరణ యూనిట్లు పెట్టాయి, దేశం మొత్తం మీద 199. బ్లాకు స్థాయి అంచనా చూసి, స్థానిక పంటను బట్టి, స్థానిక భాషలో సలహా రాయడం వాటి పని. నేను అడుగుతున్న పనికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది అదే. ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి వాటిని ఆపేయాలని 2024 జనవరిలో ఉత్తర్వు వచ్చింది. సలహాలు యంత్రమే తయారుచేస్తుంది, మనుషులెందుకు అన్న ఆలోచన దాని వెనక ఉందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఒక పక్క అదే ఏడాది పురుగులూ తెగుళ్ల మీద జాతీయ నిఘా వ్యవస్థ అని యాప్ తెచ్చారు, ఫొటో తీసి పెడితే ఏ తెగులో చెబుతుందట. మంచిదే. కానీ ఫొటో తీయాలంటే తెగులు రావాలి కదండీ. వచ్చాక చెప్పేది యాప్, రాకముందు చెప్పేది మనిషి, మనం మనిషిని తీసేసి యాప్ పెట్టుకున్నాం.

ఫోన్ అంటే నాకు వ్యతిరేకత లేదు. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది రైతులతో ఒక ప్రయత్నం చేశాయి. దేవనకొండలో ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలు తీసి, నేలలో తేమ అంచనా వేసి, ఇప్పుడే తొందరపడకండి, ఫలానా వారంలో విత్తండి అని తెలుగులో మామూలు ఎస్ఎంఎస్ పంపారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. మాట విన్న రైతులకు దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని వాళ్లు ప్రకటించారు. ఆ శాతం మీద ఎవరైనా వాదించొచ్చు, ఒక ఏడాది ఫలితం చూసి పొంగిపోకూడదు కూడా. నాకు అందులో నచ్చింది వేరే, పొట్టి మెసేజ్, ఒకే మాట, సమయానికి రావడం. తొలకరికే గొర్రు కట్టాలన్న మా ఆత్రం మీకు తెలియదు, పక్క చేనులో గొర్రు కదిలితే మన కాళ్లు నిలవవు. ఆ ఆత్రాన్ని ఆపగలిగిన మెసేజ్ అంటే మాటలు కాదు. అలాంటి మెసేజ్‌లోనే, విత్తే తేదీతో పాటు, ఈసారి మీ మండలంలో తామర పురుగుల భయం ఉంది, చుట్టూ సజ్జ వేయండి అని ఇంకో వాక్యం చేరిస్తే ఎంత పని జరుగుతుంది!

ఇప్పుడు నాకు వచ్చే మెసేజ్‌లు చూపిస్తే మీరు నవ్వుతారు. 'తేమ 60 నుంచి 85 శాతం, గాలి వేగం గంటకు 14 కిలోమీటర్లు, రైతులు తగిన జాగ్రత్తలు తీసుకోగలరు.' ఏ జాగ్రత్త? మందు కొట్టాలా వద్దా? ఈ వారమా వచ్చే వారమా? ఆ అంకెల్లో అర్థం ఉంది, నేను కాదనను, ఆ తేమ అంకెలోనే తిక్క తెగులు జాతకం ఉంది. దాన్ని చదివి చెప్పాల్సిన పని రైతు మీదే వదిలేశారు. మా ఊరి రైతు సేవా కేంద్రంలో ఉన్న కుర్రాడు వ్యవసాయం చదువుకున్నవాడే, అడిగితే చక్కగా చెబుతాడు, కానీ అతను ఈ-క్రాప్ నమోదు, ఎరువుల పంపిణీ, ఫొటోలు అప్‌లోడ్ చేయడం వీటితోనే సరిపోతున్నాడు. చేలోకి రమ్మంటే పాపం టెన్షన్ పడతాడు, ఆ సాయంత్రానికి పైవాళ్లకు ఏదో ఒక లిస్టు పంపాలి.

బీమా గురించి ఒక్క మాట. మా జిల్లాలో వేరుశనగకు చాలా ఏళ్లు వాతావరణ ఆధారిత బీమానే నడిచింది. అందులో పరిహారం వాన లెక్క, బెట్ట రోజుల లెక్క చూసి ఇస్తారు, ఎవరూ చేలోకి వచ్చి మొక్కను చూడరు. దిగుబడి లెక్క వేసే బీమా కంటే డబ్బు తొందరగా తేలుతుందన్న సౌకర్యం దీనిలో ఉంది, నిజమే. కానీ వాన లెక్క మామూలుగానే ఉండి, మంచు వల్ల, మోడం వల్ల తెగులు పడి కాయ పోతే? వానమాపకం దగ్గర అంతా బాగానే ఉంది, చేలో ఏమీ లేదు. తెగులు ఏ వాతావరణానికి వస్తుందో ఇన్నేళ్ల పరిశోధన చెబుతున్నప్పుడు, ఆ రోజులను కూడా నష్టం లెక్కలో కలపమని బీమా నిబంధనలు రాసేవాళ్లను శాస్త్రవేత్తలే గట్టిగా అడగాలి. ఆకు తడి గంటలు కొలిచే పరికరం పెద్ద ఖర్చేం కాదు, మండలానికి రెండు పెట్టినా బీమా సబ్సిడీ ముందు అది లెక్కలోకి రాదు.

మాకు ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులోనూ ఇప్పుడు వాన తీరు మారిపోయింది, ఆరుద్రలో పడాల్సింది పడదు, కాయ పీకే రోజుల్లో కుమ్మరిస్తుంది. పదేళ్ల కిందటి అనుభవం ఈ ఏడు పనికి రావడం లేదు, మా నాన్న కార్తెలు చెప్పి చేసిన సేద్యం నేను చెప్పి చేయలేను. అందుకే ఇప్పుడు పరిశోధన మాకు ముందుకంటే ఎక్కువ అవసరం. శాస్త్రవేత్తలు రాసే పేపర్లు ఎక్కడో విదేశీ జర్నల్‌లో వస్తాయి, వాళ్ల ప్రమోషన్‌కు అవి కావాలి, తప్పులేదు. కానీ మండలాల్లో సమయానికి వెళ్లి నిజమైన సలహాలెన్ని, తప్పినవెన్ని అన్నది కూడా వాళ్ల పనితీరు కింద లెక్కిస్తే బాగుంటుంది. తప్పినా ఫరవాలేదు, వాన అంచనా తప్పితే మేము వాతావరణ శాఖ మీద కేసు వేశామా?

మీకూ ఒక మనవి ఉంది. మంగళ, శుక్రవారాల్లో రేకులకుంట నుంచి బులెటిన్ వస్తుందని పైన రాశాను. బుధవారం, శనివారం పేపర్లో దాన్ని వేయండి, ఉన్నది ఉన్నట్టు కాదు, మీ విలేకరి చేత శాస్త్రవేత్తకు ఫోన్ చేయించి, వచ్చే వారం రోజుల్లో ఏ మండలంలో ఏ తెగులుకు అవకాశం ఉంది, ఏం చేయాలి అనే రెండే ప్రశ్నలకు జవాబు రాయించండి. పట్టుమని పది లైన్లు చాలు. జూన్ నుంచి అక్టోబరు దాకా వేసి చూడండి. జాగా లేదంటారేమో, నాయకుల పుట్టినరోజు ఫొటోల కింద ఎప్పుడూ కాస్త ఉంటూనే ఉంటుంది.

ఇట్లు,
ఒక వేరుశనగ రైతు,
కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా.